పొద్దున పూటే చూసిన టైర్లు

సౌదీలో చలికాలపు టైర్లు పరీక్షించానని చెబితే మా ఊరి బస్టాండు దగ్గర ఎవరూ నమ్మరు. "ఇసుకల స్వెట్టర్లు అమ్మినట్టున్నది" అని మొన్న ఒకాయన నవ్వాడు. నవ్వినవాళ్ళను నేను తప్పు పట్టను. ముప్పై ఏళ్ళకు పైగా రియాద్‌లో ఎండకు పగిలిన టైర్లే చూసినవాణ్ణి. చలికని వేరే టైరు ఉంటుందని నాకూ చాలా కాలం తెలియదు.

సౌదీ ఉత్తరాన తబూక్ అవతలి కొండల్లో జనవరి తెల్లవారుజామున బకెట్లో నీళ్ళ మీద అద్దంలా మంచు పేరుకుంటుంది. కొన్నేళ్ళకొకసారి కొండ మీద తెల్లగా పడుతుంది కూడా. అప్పుడు దూరపు ఊళ్ళ నుంచి కుటుంబాలు కార్లేసుకొని వచ్చి, చలిమంట వేసి, కబ్సా అనే మాంసం పులావు వండుకొని, ఫోటోలు దిగి పోతాయి. మావంటివాళ్ళకు మాత్రం అది డ్యూటీ.

మీలో కొందరు గల్ఫ్‌కు పోవడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటూ ఇది చదువుతూ ఉండవచ్చు. కొందరు ఇక్కడే ఏదో వర్క్‌షాపులో తనిఖీ ఫారాల మీద రోజూ సంతకాలు పెడుతూ ఉండవచ్చు. ఈ సంగతి ముఖ్యంగా ఆ రెండో రకంవాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను జగిత్యాల వైపు నుంచి రియాద్ పోయి, మొదట ఒక పంక్చర్ల కొట్లో పని చేశాను. తర్వాత కార్మికులను, సామాన్లను చేరవేసే ఒక పెద్ద కంపెనీలో టైర్ ఫిట్టర్‌గా చేరాను. చివరి పదేళ్ళు అదే కంపెనీలో టైర్ ఇన్‌స్పెక్టర్ని. పేరు పెద్దదే గానీ పని ఇంతే: బండి గేటు దాటే ముందు నాలుగు టైర్లూ చూడడం, లోతు కొలవడం, గాలి చూడడం, ఫారం నింపి సంతకం పెట్టడం.

పదిహేడో ఏటి నుంచి డైరీ రాయడం నాకు అలవాటు. రోజుకు ఒక పేజీ. లేచిన వేళ, ఆనాటి ఎండ, చేసిన పని, ఎవరు ఏమన్నారు. రూములో మావాళ్ళు నన్ను పట్వారీ అని పిలిచేవాళ్ళు. ఆ అలవాటులో ఒక దోషం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పగలు ఒకరి ముఖం మీద అనలేని మాటను రాత్రి డైరీలో రాసేవాణ్ణి. రాయగానే గుండె తేలికయ్యేది. ఆ మాట అనవలసినవాడితో అనేసినట్టే హాయిగా పడుకొనేవాణ్ణి.

నా ఉద్యోగపు చివరి చలికాలంలో, ఆ కొండల్లో మా కంపెనీ బండ్లు తిరిగే ఒక ప్రాజెక్టులో ఒక పొద్దున మా పికప్ ఒకటి దిగుడు రోడ్డులో జారి గోడకు తగిలింది. నలుగురికి దెబ్బలు తగిలాయి, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. ప్రాజెక్టువాళ్ళు గట్టిగా అడిగేసరికి మా ముదీర్, అంటే మేనేజరు, చలికాలపు టైర్లు వేయిద్దామన్నాడు. రెండు రకాలు తెప్పించారు. అప్పటికే వాడుతున్న మామూలు టైరుతో కలిపి మూడు. రోడ్డును ఏది గట్టిగా పట్టుకుంటుంది, ఏది త్వరగా ఆగుతుంది, మలుపులో ఏది చెప్పినట్టు వింటుంది అని తేల్చి ఒక రిపోర్టు ఇమ్మని నన్ను రియాద్ నుంచి అక్కడికి పంపారు. నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన ఒకే ఒక్క గౌరవమైన పని అది. ఆ రోజు డైరీలో ఒకటిన్నర పేజీ రాసుకున్నాను.

నాకిచ్చిన డ్రైవరు రాయచోటి వైపు ముస్లిం. నలభై దాటినవాడు. నాకన్నా ముందే లేచి నమాజు చేసుకొని, ఫ్లాస్కులో పాలు లేని సులైమానీ చాయ్ పోసుకొని, బండి అద్దం తుడిచి నిలబడి ఉండేవాడు. మా వైపు పట్వారీ ఎట్లాగో వాళ్ళ వైపు కరణం అట్లాగట. అందుకని నన్ను కరణం అన్నా అనేవాడు. అతని గొప్పదనం కాలులో ఉంది. బ్రేకు పదిసార్లు తొక్కమంటే పదిసార్లూ ఒకే బలంతో తొక్కేవాడు. కాటా మీద తూచినట్టు ఉండేది. ఇలాంటి పరీక్షలకు అటువంటి కాలు దొరకడం అదృష్టం.

ప్రాజెక్టులో ఇంకా తెరవని రోడ్డు ముక్క ఒకటి ఉండేది. అక్కడ పరీక్ష పెట్టాను. ఏడు గంటలకు టిప్పర్లు వచ్చేస్తాయి కాబట్టి పొద్దున్నే చీకటి విడిచినప్పటి నుంచి ఏడు లోపలే మా సమయం. ట్యాంకరుతో రోడ్డు తడిపించేవాణ్ణి. సున్నంతో గీత గీసి, గీత దగ్గర బ్రేకు తొక్కమని, ఆగిన చోటికి టేపుతో కొలిచేవాణ్ణి. ఒక్కో టైరుకు ఐదుసార్లు. అన్నింటికన్నా మంచిదాన్నీ, అన్నింటికన్నా చెడ్డదాన్నీ తీసేసి మిగతా మూడింటి సగటు. తర్వాత ప్లాస్టిక్ కోన్లు వరుసగా పెట్టి వాటి మధ్య పాములా నడిపించడం. తర్వాత ఎత్తు మీద ఆపి మళ్ళీ ఎక్కించడం.

న్యాయంగా ఉండాలంటే అన్నీ ఒకేలా ఉండాలని నా పట్టుదల. ఒకే పికప్, ఒకే డ్రైవరు, వెనుక అవే ఎనిమిది సిమెంటు బస్తాలు. గాలి ఒకే లెక్క, అదీ బండి కదలకముందు చల్లగా ఉన్నప్పుడు చూసింది. రోజూ ఒకటే వేళ. ఒక రోజు మబ్బు పట్టి కాస్త వెచ్చగా ఉంటే ఆనాటి కొలతలన్నీ కొట్టేసి మరునాడు మళ్ళీ చేయించాను. డ్రైవరు తలపట్టుకున్నాడు. పెళ్ళికూతురిని కూడా ఇన్నిసార్లు చూడరు అన్నా అన్నాడు. నాలో నేను మురిసిపోయాను. అన్నింటినీ ఒకేలా ఉంచాలన్న ఆ పట్టుదలలోనే నేను ఆ టైర్లను ఒక్కసారి కూడా ఎండలో చూడలేదు.

టైర్లకు గుర్తుగా పక్కన రంగు సుద్దతో గీతలు పెట్టాను. మామూలుదానికి తెల్ల గీత. చలి టైర్లలో ఒకదానికి పసుపు, ఒకదానికి ఎరుపు. చలి టైర్ల రబ్బరు మెత్తగా ఉంటుంది. దాని మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి. చలికి మామూలు రబ్బరు బిగుసుకుపోతే, ఇది మెత్తగానే ఉండి రోడ్డును పట్టుకుంటుంది.

నా కొలతలు కాగితం మీద ఉండేవి. అతని కొలతలు నోటి మీద ఉండేవి. తెల్ల గీత టైరు గురించి, "ఇది మా పెద్ద బావ మాదిరి అన్నా. లెయ్యమంటే లేస్తాడు, గానీ రెండు ఆవలింతలైనాక" అన్నాడు. పసుపు గీతది కొత్త అల్లుడట, బ్రేకు కాడ మర్యాదగా ఉంటాడు గానీ మలుపు కాడ యాడికి పోతాడో తెలీదట. ఎర్ర గీత టైరు వేసిన రోజు దిగి వచ్చి టైరును అరచేత్తో తట్టాడు. తర్వాత "మా యమ్మ పిలిచినట్టుందన్నా. కాలు దానంతట అదే ఆగుతాది" అన్నాడు. నా టేపూ అదే చెప్పింది. మామూలు టైరు కన్నా చాలా ముందే ఆగింది. మలుపులోనూ, ఎత్తు మీదా దానిదే పైచేయి.

రిపోర్టు రాయడానికి కూర్చున్నప్పుడు పక్కన మా ఫ్లీట్ ఆఫీసరు ఉన్నాడు. బండ్లు ఎక్కడికి పోవాలో, వాటికి ఏం కావాలో చూసే ఉద్యోగం అతనిది. హైదరాబాద్ పాతబస్తీవాడు. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. నన్ను అంకుల్ అనేవాడు. చెడ్డవాడని మీరు అనుకోవద్దు. నాకు కిడ్నీలో రాయి వచ్చి విలవిలలాడినప్పుడు తన కారులో ఆసుపత్రికి తీసుకుపోయి, తెల్లారేదాకా బెంచీ మీద కూర్చున్నవాడు. నేను రిపోర్టు చివర ఒక మాట రాశాను. ఈ టైరు చలికాలానికి మాత్రమే, మార్చి దాటాక తీసేయాలి, ఎండలో పరీక్షించలేదు అని. అతను చదివి పెన్ను పక్కన పెట్టాడు.

"అంకుల్, ముదీర్ ఒక్క పేజీ కంటే ఎక్కువ చదవడు. మీరు డౌట్ పెడితే మొత్తం ఫైల్ పక్కకు పడేస్తడు. ఏది ఫస్ట్ వచ్చిందో గది రాయండి. మిగిలింది మనకు తెలుసు గద, మార్చిల మనమే మార్చుకుందాం."

ఫారంలో టైరు పేరు, సైజు, ఆగిన దూరం, స్థానం అని నాలుగు గడులే ఉన్నాయి. ఆనాటి చలి ఎంత అని రాసే గడి లేదు. నేను ఆ చివరి మాట కొట్టేసి మళ్ళీ శుభ్రంగా రాసిచ్చాను. 'ఎర్ర గీత టైరు అన్నింటికన్నా తక్కువ దూరంలో ఆగింది. ప్రాజెక్టు బండ్లన్నింటికీ సిఫారసు చేస్తున్నాను.' ఆ రాత్రి కొట్టేసిన మాటను డైరీలో రాసుకొని పడుకున్నాను. మంచి నిద్ర పట్టింది.

ఆ చలికాలం ఒక్క బండి కూడా జారలేదు. ముదీర్ నన్ను పిలిచి చెయ్యి కలిపాడు. మార్చిలో మార్చుకుందాం అన్నాం కదా. మార్చి వచ్చేసరికి తీసిపెట్టిన మామూలు టైర్లు స్టోర్‌లో లేవు. ఖాళీగా ఉన్నాయి కదా అని ఎవరో వేరే సైట్ల బండ్లకు వేసేశారు. కొత్తవి ఆర్డరు పెట్టామన్నారు. అవి రాలేదు. ఏప్రిల్ పోయింది. నేను రియాద్ యార్డులో నా పనిలో నేనున్నాను. అడపాదడపా ఫ్లీట్ ఆఫీసరును అడిగేవాణ్ణి. చూద్దాం అంకుల్ అనేవాడు. 'నేడు మళ్ళీ అడిగాను' అని డైరీలో రాసుకొనేవాణ్ణి.

మే చివర్లో కంపెనీకి దక్షిణాన సముద్రం ఒడ్డున ఉడికిపోయే జిజాన్‌లో కొత్త పని దొరికింది. కొండల నుంచి మూడు పికప్‌లను అటు పంపాలన్నారు. అందులో ఒకటి నా పరీక్షల బండే, డ్రైవరూ అతనే. మదీనా మీదుగా రియాద్ యార్డుకు వచ్చి, అక్కడ తనిఖీ చేయించుకొని జిజాన్ పోవాలి. అట్లా నా చేతి కిందికే వచ్చాడు. మధ్యాహ్నం బండి దిగి, తలకు తువ్వాలు చుట్టుకొని నవ్వుతూ వచ్చాడు. గానీ టైరు గురించి చెప్పేటప్పుడు నవ్వలేదు.

"దీనికి మాట ఇనబడ్లేదన్నా. ఎండలో బెల్లంపాకం మాదిరి అయిపోతాది. బ్రేకు తొక్కితే సరే అంటాది గానీ ఇంగ రెండడుగులు పోయి ఆగుతాది. స్టీరింగ్ తిప్పినాక బండి ఆలోచిస్తాది."

నేను వంగి టైరు మీద గోరుతో నొక్కాను. గాటు పడింది. బండి నేనే ఎక్కి యార్డులో తిప్పాను. మలుపులో వెనుక భాగం పక్కకు ఊగుతోంది. మెత్తటి రబ్బరు ముక్కలు ఎండకు అటూ ఇటూ ఒరుగుతున్నాయి. ఫారం తీశాను. లోతు బాగుంది. గాలి బాగుంది. కోతల్లేవు, బుడిపెల్లేవు. తయారైన సంవత్సరం కొత్తదే. ఏ గడిలో చూసినా అది మంచి టైరే. ఫ్లీట్ ఆఫీసరుకు చూపించి, ఈ టైర్లతో దాన్ని పంపొద్దు సాబ్ అన్నాను.

"ఏ కాలమ్‌ల ఫెయిల్ రాస్తరు అంకుల్?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

కింద రిమార్కు రాసే గీత ఒకటి ఉంది. దాని మీద ఏమైనా రాస్తే ముదీర్ సంతకం పెట్టేదాకా బండి గేటు దాటదు. ముదీర్ సెలవులో ఉన్నాడు. జిజాన్‌లో బండి రేపటికి కావాలి. పైగా సిఫారసు చేసిన రిపోర్టు నాదే. నా టైరును నేనే తప్పని రాస్తే, మరి అప్పుడేం చూశావు అని అడుగుతారు. ఆ ఫారం చేతిలో పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు. డైరీలో కూడా లేదు. చివరికి పాస్ అని రాసి సంతకం పెట్టాను.

డ్రైవరుకు కాగితం ఇస్తూ, "తమ్మీ, జర మెల్లగ పో. ముంగట బండికి దూరం ఉంచు" అని చెప్పాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు పెట్టినావు గదా సంతకం, సాలు" అన్నాడు. ఆ రాత్రి డైరీలో రాశాను: ఈ టైరు వేడికి పనికిరాదు, పంపకూడదు.

జిజాన్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ టైరు సంగతే. రెండుసార్లూ ఫ్లీట్ ఆఫీసరుకు చెప్పాను. మూడో ఫోన్ వేరేవాళ్ళు చేశారు.

జూలై మధ్యాహ్నం. సముద్రం పక్క రోడ్డు. రోడ్డు పని చేసే ఒక మనిషి, ఆగి ఉన్న లారీ వెనుక నుంచి, గాలికి పడిపోయిన కోన్ తీయడానికి అడుగు ముందుకేశాడు. మావాడు చూశాడు, తొక్కాడు. వేగం తక్కువే. అక్కడ రాసి ఉన్న వేగానికి చాలా లోపలే ఉందని తర్వాత పోలీసులు కూడా ఒప్పుకున్నారు. తన కాలు మీద అతనికి నమ్మకం. అంత దూరంలో ఆగుతానని లెక్క ఉంది. కాలు లెక్క తప్పలేదు. బండి ఆ మనిషిని తాకి, ఇంకో అడుగు పోయి ఆగింది. ఆయన తల ఇనుప కంచెకు తగిలింది. ఆసుపత్రికి చేరలేదు.

చనిపోయినాయనది బంగ్లాదేశ్ అన్నారు. యాభై దాటిన మనిషి అన్నారు. ఆయన పేరు, ఊరు నా డైరీలో లేవు. టైర్లో గాలి ఎంతో ప్రతి రోజుదీ ఉంది. ఆయన పేరు మాత్రం నేనెవరినీ అడగలేదు.

డ్రైవరును లోపల వేశారు. టైరు ఆగలేదని అతను చెప్పాడు. పోలీసులు కంపెనీని కాగితాలు అడిగారు. కంపెనీ రెండు కాగితాలు పంపింది. ఒకటి నా రిపోర్టు: అన్నింటికన్నా తక్కువ దూరంలో ఆగే టైరు. రెండోది నా తనిఖీ ఫారం: పాస్. ఇంత మంచి టైరు, అదీ నెలన్నర కిందటే తనిఖీ అయింది, ఆగకపోతే తప్పు తొక్కినవాడిదే కదా. ఎవరికైనా అట్లాగే తోస్తుంది. ఆ కాగితాలు మాత్రమే చూపి నన్నడిగినా అట్లాగే చెప్పేవాణ్ణి.

ఆ తర్వాతి శుక్రవారం యార్డు ఖాళీగా ఉంటే స్టోర్‌లో మిగిలిన ఎర్ర గీత టైర్లు నాలుగు తీసి ఒక పికప్‌కు వేశాను. మధ్యాహ్నం రెండు గంటలకు, నేల మీద చెయ్యి పెట్టలేని ఎండలో, నేనే నడిపి చూశాను. గీత దగ్గర తొక్కి, దిగి, టేపు లాగి కొలిచాను. తర్వాత మామూలు టైర్లు వేసి కొలిచాను. నా కాలు అతని కాలంత నిలకడ కాదు. అందుకని ఐదుకు బదులు పదిసార్లు చేశాను. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చలిలో అన్నింటికన్నా ముందు నిలిచిన టైరు ఎండలో అన్నింటికన్నా వెనుక నిలిచింది. ఒక బండి నిడివి కన్నా ఎక్కువ తేడా. ఆ మనిషి బతకడానికి అందులో సగం చాలు.

నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన పరీక్ష ఇంకొకటి లేదు. డైరీలో రెండు పేజీలు, గీతలు గీసి, గడులు వేసి రాశాను. ఎండ ఎంతో కూడా రాశాను.

ఫారాల మీద సంతకం పెట్టినవాడు వచ్చి అది తనదేనని చెప్పాలని జిజాన్ నుంచి పిలుపొచ్చింది. ఫ్లీట్ ఆఫీసరు నాతో వచ్చాడు. విమానంలో పక్కపక్కన కూర్చున్నాం. నా సంచిలో డైరీ ఉంది. చెప్పాలనే తీసుకుపోయాను, ఆ మాట మీరు నమ్మాలి. అప్పటికి నాకు అరవై నిండబోతున్నాయి. కంపెనీ నా ఖురూజ్‌కు కాగితాలు పెట్టింది, ఖురూజ్ అంటే ఇక మళ్ళీ రాకుండా దేశం విడిచిపోయే అనుమతి. విమానం దిగేటప్పుడు అతను నా వైపు చూడకుండా మెల్లగా అన్నాడు.

"మీ ఖురూజ్ పేపర్లు ఈ వారమే టేబుల్ మీదున్నయి అంకుల్. కేసుల పేరు పడితే ఆగిపోతయి. నేను బెదిరిస్త లేను. నాకూ పిల్లలున్నరు, నా పేరు కూడా పడ్తది. మీకు తెలుసు."

నాకు తెలుసు. కేసులో పేరు పడి ఇంటికి పోలేక రెండేళ్ళు, మూడేళ్ళు క్యాంపుల్లో ముసలితనం వెళ్ళదీస్తున్నవాళ్ళను చూశాను. అందులో ఒకాయన మా రూములోనే ఉండేవాడు.

గది చిన్నది. ఏసీ చల్లగా ఉంది. బల్ల అవతల ఒక అధికారి, పక్కన ఉర్దూలోకి మార్చి చెప్పే మనిషి. డ్రైవరును అక్కడికి తేలేదు. ఈ సంతకం నీదేనా అని అడిగారు. నాదే అన్నాను. టైర్లు పాసయ్యాయా అన్నారు. అయ్యాయి అన్నాను. పరీక్షలో ఈ టైరే తక్కువ దూరంలో ఆగిందా అన్నారు. ఆగింది అన్నాను. మూడూ నిజాలే. అధికారి కాగితాలు సర్దుకుంటూ ఏదో అన్నాడు. పక్కనున్న మనిషి నా వైపు తిరిగి, "ఔర్ కుఛ్ కహనా హై, చాచా?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. తొందర పెట్టలేదు. నా మోకాళ్ళ మీద సంచి ఉంది. సంచి మీద నా రెండు చేతులూ ఉన్నాయి. ఇంకా ఏమైనా చెప్పాలా అన్న ఆ ప్రశ్నను ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగంలో నన్ను అడిగిన మొదటి మనిషి అతనే.

"నై" అన్నాను.

బయట నడవాలో డ్రైవరు ఎదురయ్యాడు. ఎవరో దయగల పోలీసు రెండు నిమిషాలు నిలబడనిచ్చాడు. గడ్డం పెరిగింది. చెప్పుల్లేవు. నన్ను చూసి ముఖం వెలిగింది. అది నేను మరిచిపోలేను.

"వేడికి అది ఆగదని చెప్పినావా అన్నా?"

"వాళ్ళు అడగలే తమ్మీ."

అతను నా ముఖంలోకి చూశాడు. నేను పక్కకు చూశాను. కోపం వస్తుందేమో, తిడతాడేమో అని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. కాసేపటికి తలాడించాడు, పని అయిపోయిన బండిని గేటు బయటికి పంపినట్టు. "రేపు ఎండలో తిరగొద్దు, నీకు బీపీ ఉండాది" అన్నాడు. అంతే, లోపలికి తీసుకుపోయారు.

పదకొండు రోజులకు నాకు ఖురూజ్ పడింది. యార్డులో అందరూ కలిసి కేకు కోయించారు. ముదీర్ ఒక గడియారం ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక నెల రోజులు కూర్చొని, డైరీలోని పేజీలన్నీ ఇంగ్లిష్‌లో టైపు చేయించి, ఎండలో చేసిన పరీక్ష కొలతలతో సహా కంపెనీకీ, మన రాయబార కార్యాలయానికీ పంపాను. సంతకం పెట్టాను. కంపెనీ నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ బండిని తుక్కు కింద అమ్మేశారట, వారి వైపు నుంచి ఫైలు ముగిసిందట. రాయబార కార్యాలయం కాగితం అందిందని రాసింది. దేశం దాటి వచ్చాక పలికిన నిజం అంత వరకే పోతుంది. దాన్ని ధైర్యమని ఎవరూ అనరు, నేనూ అనను.

అతను ఎనిమిది నెలలు లోపలున్నాడు. తర్వాత మళ్ళీ సౌదీకి రాకుండా ముద్ర వేసి పంపించేశారు. డ్రైవరు పని తప్ప ఇంకో పని రానివాడు. ఇప్పుడు స్టీరింగ్ పట్టడం లేదట. మదనపల్లె మార్కెట్లో టమాటా పెట్టెలు మోస్తున్నాడని రాయచోటి మనిషి ఒకాయన చెప్పాడు. నెంబరు కూడా ఆయనే ఇచ్చాడు. ఆ నెంబరు నొక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఫోన్ అతని భార్య ఎత్తింది. నా ఊరు చెప్పి, సౌదీలో కలిసి పని చేశామని చెప్పగానే గుర్తుపట్టింది.

"మీరా అన్నా. జైలు నుంచి ఫోన్ చేసినప్పుడే మీ మాట చెప్పినాడు. అంతమందిలో మీరొక్కరే లేసి మా ఆయన తరపున మాట్లాడినారంట గదా. వాళ్ళు ఇనకపోతే మీరేం చేస్తారు. మా పిల్లోళ్ళు దువా చేసినప్పుడు మీ పేరు గూడా చేరుస్తారు అన్నా."

 లేదమ్మా అనాలి. ఆ ఒక్క మాట అనలేదు.  ఆమె అప్పటికే ఫోన్ అతనికిచ్చింది.

అతను బాగుండావా అన్నా అన్నాడు. బీపీ మాత్ర వేసుకుంటున్నావా అని అడిగాడు. ఆమెకు వినబడేలా గట్టిగా, నవ్వుతూ అడిగాడు. తర్వాత అతని చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు తీసి బయటికి వచ్చినట్టున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఇంగ ఫోన్ చెయ్యొద్దులేన్నా. ఇంట్లోదానికి అబద్ధం ఒకసారి చెప్పినాను. నువ్వు చేసినప్పుడల్లా చెప్పాలంటే నాకు కష్టం."

సరే తమ్మీ అన్నాను.